కార్బన్ రోడ్ బైక్ కొనేముందు కాళ్ళు కొలుచుకోండి: అనంతపురం నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

నేను మొదటి కార్బన్ సైకిల్ కొన్నప్పుడు ధర విని మా మామ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఆ దుడ్లతో ఇంకో బోరు వేసి చూడొచ్చు కదా అల్లుడూ" అన్నారు. అప్పటికే ఆయన చేనులో మూడు బోర్లు ఎండిపోయి ఉన్నాయి. ఏడాది తిరక్కుండానే నా సైకిల్ నాలుగో బోరైంది. సైకిల్ మంచిదే. సైజే నాది కాదు.

ఒక పెద్ద నగరంలో షాపుకు వెళ్తే, "56 సైజు ఒక్కటే మిగిలింది సార్, మంచి డిస్కౌంట్ ఇస్తాం, స్టెమ్ మార్చి సరిచేస్తాం" అన్నారు. స్టెమ్ అంటే హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపి పట్టి ఉంచే ముక్క. నా ఎత్తు 170 సెంటీమీటర్లు. డిస్కౌంట్ మాట చెవిన పడ్డాక మిగతా మాటలేవీ వినబడలేదు. మూడు నెలలకు మెడ పట్టేసింది, చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. తాడిపత్రి రోడ్డులో 40 కిలోమీటర్లు తొక్కి ఇంటికొస్తే భోజనం దగ్గర చెంచా పట్టుకోలేకపోయేవాణ్ణి. చివరికి 60 వేలు నష్టానికి అమ్మేశాను.

అనంతపురమైనా, కర్నూలైనా, కడపైనా మనం ఎక్కువగా బెంగళూరుకో హైదరాబాదుకో పోయి కొనాల్సిందే. ఒక్కరోజు ప్రయాణం, ఒక్క షాపు, ఒక్క గంట. అంత దూరం పోయాం కాబట్టి ఉత్త చేతులతో రాబుద్ధి కాదు. అందుకే పని ఇంట్లోనే సగం పూర్తి కావాలి. బస్సెక్కే నాటికి మీ జేబులోని కాగితం మీద కొన్ని అంకెలు ఉండాలి. అవెలా రాబట్టాలో చెబుతాను.

మొదట డబ్బు లెక్క

నేను మధ్య ధర అంటున్నది సుమారు 2 లక్షల నుంచి 3.5 లక్షల దాకా. ఈ ధరలో కార్బన్ ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్, షిమానో కంపెనీ 105 అనే మోడల్ స్థాయి గేర్లు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, అల్యూమినియం చక్రాలు ఆశించవచ్చు. మొత్తం బరువు 8 నుంచి 9 కిలోల మధ్య, కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అంతర్జాతీయ పోటీల్లో సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ నియమం. ఆ సైకిల్‌కూ మనదానికీ తేడా రెండు లీటర్ల నీళ్ళంత. మే నెలలో మనం ఎలాగూ ఆ నీళ్ళు మోసుకునే పోతాం కాబట్టి బరువు గురించి టెన్షన్ పడకండి.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఎవరైనా పాత ధరల పట్టీ చూపిస్తే ఈ ముక్క గుర్తుచేయండి.

ఇంకో సంగతి కొత్తవాళ్ళను ఆశ్చర్యపరుస్తుంది. ఈ స్థాయి సైకిళ్ళకు చాలావరకు పెడళ్ళు రావు. లక్షలు పోసి కొన్నది తొక్కడానికి పెడల్ ఉండదన్నమాట. పెడళ్ళు, వాటికి సరిపోయే షూస్, పంపు, బాటిల్ పట్టీలు, టార్క్ రెంచి (బోల్టును చెప్పినంత గట్టిగానే బిగించే పానా), లైట్లు అన్నీ కలిపి 25 వేలైనా పక్కన పెట్టుకోండి. ఈ ఖర్చు కలిపితే బడ్జెట్ 2 లక్షలు దాటలేని పక్షంలో నా సలహా: 105 మోడల్ గేర్లున్న మంచి అల్యూమినియం సైకిల్ తీసుకోండి. నాసి భాగాలు తగిలించిన చవక కార్బన్ కంటే అదే నయం.

గోడ దగ్గర పది నిమిషాలు

ఈ పని ఒంటరిగా చేయకండి, ఇంట్లో ఎవరినైనా పిలవండి. చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, పాదాల మధ్య ఒక జానెడు దూరం ఉంచండి. గట్టి అట్ట ఉన్న లెక్కల పుస్తకాన్ని నిలువుగా కాళ్ళ మధ్య పెట్టి, దాని ఒక అంచు గోడకు సమంగా ఆనేట్టు చూసి, సీటు మీద కూర్చుంటే ఎంత నొక్కుతుందో అంత గట్టిగా పైకి లాగండి. మొహమాటపడితే కొలత తప్పుతుంది. రెండో మనిషి పుస్తకం పైఅంచు దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత గీయాలి. నేల నుంచి ఆ గీత దాకా ఉన్నదే మీ కాలి లోపలి కొలత.

టైలర్ టేపు వద్దు, అది సాగుతుంది. వడ్రంగులు వాడే స్టీలు టేపు తీసుకోండి. మూడుసార్లు కొలవండి. మా వాడు మొదటిసారి పుస్తకం వదులుగా పట్టుకున్నాడు, 77 వచ్చింది. గట్టిగా లాగమన్నాక 79, తర్వాత మళ్ళీ 79. రెండు సెంటీమీటర్ల తేడా అంటే సైకిల్ సైజే మారిపోవచ్చు. ఇంకొందరు జీన్స్ ప్యాంటు పొడవు చూసి చెప్పేస్తారు. 30 అంగుళాల జీన్స్ అంటే 76 సెంటీమీటర్లు. నేనూ అదే వేసుకుంటాను, నా అసలు కొలత 79.

ఇప్పుడు రెండు గుణకారాలు. కాలి కొలతను 0.883తో గుణిస్తే పెడల్ ఇరుసు (పెడల్ కాళ్ళు రెండూ తిరిగే, ఫ్రేమ్ అడుగున ఉండే ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. ఈ లెక్క టూర్ డి ఫ్రాన్స్‌ను 1986, 1989, 1990లో గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారంలో ఉంది. నాకు 79 × 0.883 = 69.8 సెంటీమీటర్లు. పెడల్ మందాన్ని, షూ అడుగును బట్టి కొన్ని మిల్లీమీటర్లు మారుతుంది. మొదలుపెట్టడానికి మాత్రం ఈ అంకె చాలు. అదే కొలతను 0.67తో గుణిస్తే పాత పద్ధతిలో ఫ్రేమ్ సైజు. నాకు 53 వచ్చింది. అంటే 52 గానీ, 54 గానీ. 56 అన్న మాట ఈ లెక్కలో ఎక్కడా లేదు! ఆ రోజు షాపులో ఫోన్ తీసి ఈ ఒక్క గుణకారం చేసుంటే 60 వేలు మిగిలేవి.

తర్వాత ఎత్తులోంచి కాలి కొలత తీసేయండి. నాకు 170లో 79 పోతే 91. మా ఆఫీసులో ఒకాయన ఎత్తు కూడా సరిగ్గా 170. ఆయన కాలి కొలత 83, అంటే పైభాగం 87. అద్దం ముందు ఇద్దరం ఒకే ఎత్తు, సైకిల్ మీద మాత్రం ఇద్దరం వేరు మనుషులం. ఆయనకు సీటు మూడున్నర సెంటీమీటర్లు పైకి లేపాలి, హ్యాండిల్ మాత్రం దగ్గరగా కావాలి. ఎత్తును బట్టి సైజు చెప్పే కంపెనీ పట్టిక మా ఇద్దరికీ ఒకే సైకిల్ చూపిస్తుంది. అందుకే ఆ పట్టికను నేను సగమే నమ్ముతాను.

భుజాల వెడల్పు కూడా కొలవండి, ఒక పక్క భుజం ఎముక కొస నుంచి రెండో పక్క కొస దాకా. హ్యాండిల్ వెడల్పు దానికి దగ్గరగా ఉంటే మేలు. మార్కెట్లో ఎక్కువగా 40, 42, 44 సెంటీమీటర్లవి కనిపిస్తాయి.

ఆఖరుగా మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి చూడండి. వేళ్ళు నేలకు తగిలితే సరే. మోకాళ్ళు దాటి కిందికి దిగడం కష్టమైతే ఆ సంగతి నిజాయితీగా కాగితం మీద రాసుకోండి. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగాలు మనవి, ఇందులో సిగ్గుపడేదేం లేదు.

స్టాక్, రీచ్: అసలు కిటుకు ఇక్కడే

54, 56, ఎమ్, ఎల్ అన్నవి చీటీ మీది పేర్లు. ఒక కంపెనీ ఎమ్ ఇంకో కంపెనీ ఎమ్‌తో సమానమని ఎక్కడా లేదు, చెప్పుల అంకెల లాగే. అన్ని కంపెనీలకూ వర్తించే కొలతలు రెండే. పెడల్ ఇరుసు మధ్య నుంచి నిట్టనిలువుగా పైకి, హ్యాండిల్ గొట్టం (ఫ్రేమ్ ముందుభాగంలో హ్యాండిల్ దిగే గొట్టం) పైఅంచు ఎంత ఎత్తులో ఉందో అది స్టాక్. అక్కడి నుంచే అడ్డంగా ముందుకు ఎంత దూరంలో ఉందో అది రీచ్. కంపెనీ వెబ్‌సైట్లో జామెట్రీ అనే పట్టికలో ఇవి ఉంటాయి.

ఒక నిజమైన ఉదాహరణ. 2021 తరం ట్రెక్ కంపెనీ సైకిల్ ఎమోండా ఎస్‌ఎల్ 54లో స్టాక్ 541 మిల్లీమీటర్లు, రీచ్ 384. అదే 56లో స్టాక్ 563, రీచ్ 391. పైపైన చూస్తే రీచ్‌లో తేడా 7 మిల్లీమీటర్లే కదా, ఆ మాత్రానికేమవుతుంది అనిపిస్తుంది. నాకు షాపులో చెప్పింది కూడా ఇదే. ఇక్కడే పప్పులో కాలేశాను.

హ్యాండిల్ గొట్టం నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. కాబట్టి స్టెమ్ కింద స్పేసర్లు అనే రింగులు వేసి హ్యాండిల్‌ను పైకి లేపితే అది పైకి పోతూ వెనక్కి కూడా వస్తుంది. లేపిన ప్రతి 10 మిల్లీమీటర్లకు సుమారు 3 మిల్లీమీటర్లు వెనక్కి. ఇప్పుడు 54లో హ్యాండిల్‌ను 56తో సమానమైన ఎత్తుకు తెద్దాం. 22 మిల్లీమీటర్లు లేపాలి. రీచ్ దాదాపు 7 తగ్గి 377 అవుతుంది. 56ది 391. అసలు తేడా 14 మిల్లీమీటర్లు, కంటికి కనిపించినదానికి రెట్టింపు. రీచ్‌లను పోల్చేముందు స్టాక్‌లను సమానం చేయాలన్నది గుర్తుంటే చాలు, ఎవరూ మిమ్మల్ని మాటల్లో పెట్టలేరు.

ఈ లెక్కతోనే ఇంకో ముడి కూడా వీడుతుంది. దుకాణాల్లో రెండు జాతుల సైకిళ్ళుంటాయి: ఎమోండా లాగా బాగా వంగి వేగంగా తొక్కే రేస్, కొంచెం నిటారుగా కూర్చుని దూరాలు తొక్కే ఎండ్యూరెన్స్. ట్రెక్‌లోనే ఎండ్యూరెన్స్ రకం డొమానే ఎస్‌ఎల్ 54 చూడండి. స్టాక్ 575, రీచ్ 374. ఎమోండా 54 మీద 34 మిల్లీమీటర్లు లేపితే రీచ్ 10 తగ్గి 374 అవుతుంది. హ్యాండిల్ అదే చోటికి వచ్చేసింది! అంటే చేతులు ఉండే చోటు వరకు చూస్తే, ఎండ్యూరెన్స్ సైకిల్ అంటే ఆ స్పేసర్లను ఫ్రేమ్‌లోనే కలిపి పోతపోసినట్టు. కార్బన్ గొట్టం మీద స్పేసర్లు ఎంతవరకు వేయొచ్చో ప్రతి కంపెనీ హద్దు పెడుతుంది. కాబట్టి మొదటి రోజే 30 మిల్లీమీటర్లకు పైగా స్పేసర్లు కావాల్సి వస్తే ఆ రేస్ ఫ్రేమ్ మీది కాదు.

మా ఆఫీసాయనకు ఇదే చెప్పాను. కాళ్ళు పొడవు, నడుము వంగదు, హ్యాండిల్ ఎత్తుగా కావాలి. ఆయన పెద్ద సైజు రేస్ సైకిల్ వైపు చూస్తున్నారు, ఎత్తు దొరుకుతుందని. ఎత్తుతో పాటు పొడవు కూడా అంటుకుని వస్తుంది మరి. ఆయనకు కావాల్సింది పెద్ద సైజు కాదు, అదే సైజులో ఎండ్యూరెన్స్ రకం.

రెండు సైజుల మధ్య పడినవాళ్ళకు నా మాట చిన్నదే తీసుకోమని. చిన్న ఫ్రేమ్‌కు స్టెమ్ 10 మిల్లీమీటర్లు పొడవు చేయొచ్చు, సీటు లేపొచ్చు. పెద్ద ఫ్రేమ్‌ను కోసి కురచ చేయలేం. అయితే మరీ చిన్నదైతే సీటు హ్యాండిల్ కంటే చాలా పైకి పోతుంది. బాగా చిన్న సైజుల్లో మలుపు తిప్పేటప్పుడు షూ కొస ముందు చక్రానికి తగలడం కూడా మామూలే. 155 సెంటీమీటర్ల లోపు వాళ్ళు ఎక్కి చూడకుండా కొనకూడదు.

మన రోడ్లకు ఏం చూడాలి

టైర్లు ముందు. ఫ్రేమ్‌లో కనీసం 32 మిల్లీమీటర్ల టైరు పట్టాలి. జాతీయ రహదారి 44 నున్నగానే ఉంటుంది, పక్క ఊరి రోడ్డులోకి దిగితే కంకర తేలి ఉంటుంది. పైగా మనకు సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరుగాయలు ఉన్నాయి. పొలం గట్టు పక్కన ఒక్క నిమిషం సైకిల్ పెట్టినా టైరులో నాలుగు పల్లేరుగాయలు దిగుతాయి. ట్యూబ్‌లెస్ వేసుకుంటే లోపలి ద్రవం చిన్న కన్నాలను మూసేస్తుంది. మన ఎండకు ఆ ద్రవం తొందరగా ఆరిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి చూసుకోవాలి.

గేర్లలో పళ్ళ లెక్క ముందు 50/34, వెనక 11-34 ఉంటే పెనుకొండ గుట్టలకైనా, కడప వాళ్ళకు గువ్వలచెరువు ఘాటుకైనా సరిపోతుంది. 34కు 34 అంటే పెడల్ ఒక చుట్టు, చక్రం ఒక చుట్టు. గువ్వలచెరువు పాల్కోవా కోసం ఘాటు ఎక్కేటప్పుడు ఈ గేరు విలువ తెలుస్తుంది. షిమానో 105లో 12 గేర్ల ఎలక్ట్రానిక్ రకం 2022లో, వైరుతో నడిచే రకం 2023లో వచ్చాయి. చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళకు నా ఓటు వైరుకే. వైరు తెగితే మార్చుకోవచ్చు, అలా కాకుండా ఎలక్ట్రానిక్ భాగం మొరాయిస్తే మళ్ళీ బెంగళూరు బస్సే.

పెడల్ ఇరుసు మర తిప్పి బిగించే రకమైతే మంచిది, నొక్కి దించే రకం దుమ్ముకు కిచకిచమంటుంది. హ్యాండిల్, స్టెమ్ రెండూ ఒకే ముక్కగా ఉన్న సైకిల్ మాత్రం మొదటిసారికి వద్దు. పొడవు సరిపోకపోతే ముక్కంతా మార్చాలి, బ్రేకు పైపులు కూడా విప్పాల్సి రావచ్చు.

గాలిని చీల్చుకుపోయే ఏరో ఫ్రేమ్ కావాలా అని జూన్, జూలైలో అడుగుతారు, ఎదురుగాలికి విసిగిపోయి. గాలిమరలు పెట్టడానికి కంపెనీలు వెతుక్కుంటూ వచ్చిన జిల్లా మనది, ఆ విసుగు నాకూ తెలుసు. అయితే గాలిని ఎక్కువగా అడ్డుకునేది మన ఒళ్ళే గానీ ఫ్రేమ్ కాదు. గంటసేపు మోచేతులు వంచి తొక్కగలిగేలా సైజు కుదిరితే, అది ఖరీదైన ఏరో గొట్టాల కంటే ఎక్కువ పని చేస్తుంది.

షాపులో

ముందురోజు ఫోన్ చేసి, మీ సైజు షాపులో ఉందో లేదో, ఎక్కి చూడనిస్తారో లేదో అడగండి. మీ పెడళ్ళు, షూస్ వెంట తీసుకుపోండి. మొదట సీటు ఎత్తు మీ అంకెకు పెట్టమనండి. అది పెట్టకుండా పార్కింగులో ఒక చుట్టు తొక్కించి "బాగుంది కదా సార్" అంటే ఒప్పుకోవద్దు. తర్వాత బ్రేకు పిడుల మీద చేతులు పెట్టి పది నిమిషాలైనా తొక్కండి. మోచేతులు కొంచెం వంగి ఉండాలి. బరువంతా అరచేతుల మీద పడుతుంటే, భుజాలు చెవుల దాకా లేస్తుంటే పొడవు ఎక్కువైనట్టే.

డబ్బు కట్టకముందే స్టెమ్ ఊరికే మార్చిస్తారా అని అడగండి, కట్టాక అడిగితే జవాబు వేరుగా ఉంటుంది. 80 నుంచి 110 మిల్లీమీటర్ల స్టెమ్‌తో కుదిరితే పర్వాలేదు. 70కి దిగాల్సి వస్తే ఫ్రేమే పెద్దదని అర్థం చేసుకుని, ఉత్త చేతులతోనే బస్సెక్కండి. ఈ మాట రాయడం ఎంత సులువో పాటించడం అంత కష్టం.

బిల్లు మీద ఫ్రేమ్ నంబరు రాయించండి. ఫ్రేమ్ వారంటీ చాలా కంపెనీల్లో మొదటి యజమానికే వర్తిస్తుంది. సెకండ్ హ్యాండ్ కార్బన్ కొనేవాళ్ళు అందుకే రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి. ఎండలో పెట్టి, తుడిచి, పెడల్ ఇరుసు దగ్గర, సీటు బిగింపు దగ్గర, ఫోర్క్ పైన గీతలు వెతకండి. రూపాయి బిళ్ళతో గొట్టం పొడవునా మెల్లగా తట్టండి. టక్‌టక్ మని వస్తున్న చప్పుడు ఒకచోట మందంగా మారితే వదిలేయండి.

కారులో తెచ్చుకుంటే ముందు చక్రం తీశాక బ్రేకు మధ్య ప్లాస్టిక్ బిళ్ళ పెట్టించుకోండి. చక్రం లేనప్పుడు ఎవరైనా బ్రేకు నొక్కితే లోపలి ప్యాడ్లు దగ్గరకొచ్చి అతుక్కుంటాయి, ఇంటికొచ్చాక డిస్కు దూరదు. సైకిల్‌ను చైను ఉన్న వైపు పడుకోబెట్టకండి. కారు వెనక స్టాండుకు కడితే చక్రం సైలెన్సర్ పొగ గొట్టానికి ఎదురుగా రాకుండా చూసుకోండి. కార్బన్ అంటే పోగుల్ని జిగురుతో అతికినదే, ఎండను తట్టుకుంటుంది గానీ ఆ వేడిని తట్టుకోదు.

మొదటి నెల

కార్బన్ సీటు గొట్టానికి గ్రీజు పూయకూడదు, ఇసుక రేణువుల్లాంటివి కలిసిన కార్బన్ పేస్టు పూయాలి. బోల్టు పక్కన 5 ఎన్ఎమ్ (న్యూటన్ మీటర్లు, బిగింపు కొలత) అని రాసి ఉంటే టార్క్ రెంచితో 5కే బిగించండి. "కొంచెం గట్టిగా బిగిద్దాంలే" అనే మన అలవాటుకు కార్బన్ ఫ్రేమ్ పగిలి సమాధానం చెబుతుంది. మామూలు సైకిల్ షాపులో ఇస్తే ముందే ఈ మాట చెప్పండి. పైగొట్టాన్ని స్టాండు దవడల్లో బిగించవద్దని కూడా చెప్పండి, సీటు గొట్టం దగ్గరే పట్టించాలి.

మోకాలి ముందుభాగం నొప్పి పుడితే సీటు కిందికి ఉందేమో చూడండి, వెనక భాగమైతే పైకి ఉందేమో చూడండి. వెనక నుంచి ఎవరినైనా గమనించమనండి, తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎత్తు ఎక్కువే. మార్చిన ప్రతిసారీ 3 మిల్లీమీటర్లు మించొద్దు, ఒకసారికి ఒక్కటే మార్చాలి. బుక్కరాయసముద్రం దాకా పోయి రావడం దీనికి సరిపోతుంది. 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ యాత్ర) మీద కన్నుంటే ఈ నెలంతా అయ్యాకే పేరివ్వండి. దానికి పదమూడున్నర గంటల గడువుంటుంది, సైజు కుదరని సైకిల్ మీద అది చాలా పెద్ద సమయం.

అన్నీ కుదిరాక సీటు గొట్టం ఫ్రేమ్‌లోకి దిగే చోట సన్నని ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టండి. గొట్టం జారితే వెంటనే తెలిసిపోతుంది. నా రెండో సైకిల్‌కు, 54కు, నల్ల టేపు ఉంది. అన్నీ సర్దాక తేలిన సీటు ఎత్తు అంకె మాత్రం గోడ మీదే ఉంది, పెన్సిలు గీత పక్కన 69.6 అని. మొన్న సున్నం వేయడానికి వచ్చినాయన దాన్ని చెరిపేయబోతే, మా మామే అడ్డుపడి ఆపారట.